పాత డాస్ ఫ్లాపీల్లో ఫైలు వైరస్ ఉందో లేదో తేల్చుకోవడం ఎలా?

చిత్తూరు బెల్లం మండీలోనో, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆఫీసులోనో, తిరుపతి లాడ్జీ బీరువా అడుగునో 1990ల నాటి ఫ్లాపీల పెట్టె బయటపడుతుంది. వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: “అన్నా, మా నాయన కాలం లెక్కలు ఇందులో ఉండాయి. ల్యాప్‌టాప్‌కు పెడితే వైరస్ ఎక్కుతుందా?” పాలిటెక్నిక్, ఎంసీఏ పిల్లలు ఇదే ప్రశ్నను ఇంకోవైపు నుంచి అడుగుతారు: “సార్, జెరూసలెం వైరస్ మీద సెమినార్ ఉంది. ఫైలుకు అది పట్టిందని ఎలా చూపించాలి?” ఇద్దరికీ పనికొచ్చేలా పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాం.

తొందరలో ఉన్నవాళ్ల కోసం ముందే చెప్పాల్సిన మాట: మీకు కావలసింది లెక్కలు మాత్రమే అయితే డీబీఎఫ్ (లెక్కల పట్టికలు), టెక్స్ట్ ఫైళ్లు తీసుకోండి, కామ్, ఈఎక్స్‌ఈ ఫైళ్లు (అంటే నడిచే ప్రోగ్రాంలు) వదిలేయండి. ఆ కాలపు ఫైలు వైరస్ ప్రోగ్రాం నడిచినప్పుడే పాకుతుంది. లెక్కల ఫైలు నడిచేది కాదు, ప్రోగ్రాం చదివేది మాత్రమే. కాబట్టి మీరు 3వ మెట్టు దగ్గర ఆగిపోవచ్చు. పాత బిల్లింగ్ ప్రోగ్రాంనే మళ్లీ నడపాలనుకునేవాళ్లు మాత్రం చివరిదాకా చదవాలి.

ల్యాప్‌టాప్ భయం గురించి కూడా ఒక మాట. 64 బిట్ విండోస్ 16 బిట్ డాస్ (విండోస్ పాకకముందు కంప్యూటర్లను నడిపించిన సాఫ్ట్‌వేర్) ప్రోగ్రాంలను అసలు నడపదు, అందువల్ల ఈ వైరస్‌లకు అక్కడ కాలూనే చోటు లేదు. ప్రమాదం ఉన్నది అంగట్లో మూలనున్న 32 బిట్ ఎక్స్‌పీ మిషన్‌కు, పాత డాస్ మిషన్‌కు. ఆ రెండింటికీ ఈ ఫ్లాపీలను నేరుగా పెట్టొద్దు.

కావలసినవి

- 3.5 అంగుళాల ఫ్లాపీలకు యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్. 5.25 అంగుళాలవి ఇందులో పట్టవు. వాటికి పాత డ్రైవ్, దాన్ని యూఎస్‌బీకి కలిపే గ్రీజ్‌వీజల్ లాంటి బోర్డు కావాలి.
- లినక్స్ ఉన్న కంప్యూటర్, లేదా లైవ్ లినక్స్ పెన్‌డ్రైవ్. విండోస్‌లోనూ చేయవచ్చు గానీ మధ్యలో అడ్డొచ్చేవి ఎక్కువ.
- వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రాం), అందులో ఫ్రీడాస్ లేదా ఎంఎస్‌డాస్.
- హెక్స్ ఎడిటర్ (ఫైలులోని ఒక్కో బైటునూ హెక్స్‌లో, అంటే 16 ఆధారంగా రాసే అంకెల్లో చూపించే ప్రోగ్రాం). విండోస్‌లో అయితే హెచ్ఎక్స్‌డీ చాలు.
- స్కానర్: లినక్స్‌లో క్లామ్ఏవీ, డాస్‌లో ఎఫ్‌ప్రాట్.
- అదే వెర్షన్ ప్రోగ్రాం శుభ్రమైన కాపీ. ఇది దొరికితే సగం పని అయినట్టే. కొన్నప్పుడు వచ్చిన ఒరిజినల్ ఫ్లాపీలు బీరువాలోనే ఎక్కడో ఉంటాయి, ముందు వాటిని వెతకండి.
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది పుల్లలు, ఎర్ర స్టిక్కర్లు.

వైరస్ ఏం చేస్తుందంటే

ఆనాటి ఫైలు వైరస్‌లు రెండు రకాలు. మొదటి రకం, పట్టిన ప్రోగ్రాం నడిచిన ఆ క్షణంలోనే ఫోల్డర్‌లో ఇంకో ఫైలును వెతికి పట్టుకుని వెళ్లిపోతుంది. 648 బైట్ల వియన్నా ఇలాంటిది. రెండో రకం మెమరీలో తిష్ట వేస్తుంది. డాస్‌ను ప్రోగ్రాంలు పని అడిగే ద్వారం ఇంటరప్ట్ 21. దాన్ని తనవైపు తిప్పుకుని, ఆ తర్వాత మీరు నడిపే ప్రతి ప్రోగ్రాంకూ అంటుకుంటుంది. 1987 అక్టోబరులో జెరూసలెంలో బయటపడ్డ వైరస్ ఈ రకానికి చెందింది. ఈ వ్యాసంలో ఎక్కువగా దాన్నే ఉదాహరణగా తీసుకుంటాం. దాని కొలతలు ఖాయంగా తెలుసు కాబట్టి నేర్చుకోవడానికి అంతకన్నా మంచిది లేదు.

జోషి గురించి కూడా చాలామంది అడుగుతారు. మన దేశంలో 1990లో బయటపడ్డ ఈ వైరస్ జనవరి 5న పుట్టినరోజు శుభాకాంక్షలు టైప్ చేయమని అడుగుతుంది. కానీ అది బూట్ వైరస్, అంటే మిషన్ మొదలయ్యేటప్పుడు చదివే డిస్క్ మొదటి సెక్టర్‌లో ఉండేది, ఫైళ్లకు పట్టదు. కింది పద్ధతిలో ఫైళ్ల సైజులు ఎంత వెతికినా అది దొరకదు.

మెట్టు 1. రాతకు తాళం వేయండి, బూజు చూడండి

3.5 అంగుళాల ఫ్లాపీ మూలన ఉన్న చిన్న బిళ్లను జరిపి, కన్నం ఆర్పార్ కనిపించేలా పెట్టండి. కన్నం తెరిచి ఉంటేనే రాత ఆగుతుంది. 5.25 అంగుళాలకు దీనికి తలకిందులు: పక్కనున్న గంటును టేపుతో మూస్తేనే తాళం పడినట్టు. ఈ రెండింటినీ తారుమారు చేసేవాళ్లు చాలామంది, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాం. ఈ తాళాన్ని డ్రైవ్ హార్డ్‌వేరే చూసుకుంటుంది, ఏ వైరసూ దాన్ని దాటలేదు. ఆట్రిబ్ కమాండ్‌తో పెట్టే రీడ్ ఓన్లీ గుర్తు అలాంటిది కాదు. వైరస్ ఆ గుర్తు తీసేసి, పని చూసుకుని, మళ్లీ పెట్టేయగలదు.

తాళం వేయడానికి ఇంకో కారణమూ ఉంది. విండోస్ 95, 98 మిషన్లు తాళం లేని ఫ్లాపీని చదివేటప్పుడే దాని బూట్ సెక్టర్‌లో సొంత గుర్తు రాసిపెడతాయి. తర్వాత మీరు చూసే తేడా వైరస్‌దో, విండోస్‌దో తెలియక తల పట్టుకోవాల్సి వస్తుంది.

షట్టర్ పక్కకు లాగి లోపలి డిస్క్‌ను వెలుతురులో చూడండి. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకు బీరువాలో తేమ చేరి డిస్క్ మీద తెల్లటి బూజు చుక్కలు వస్తాయి. అలాంటిదాన్ని డ్రైవ్‌లో పెడితే ఆ డిస్కూ గీరుకుపోతుంది, హెడ్డూ మురికవుతుంది, తర్వాత పెట్టే మంచి ఫ్లాపీ కూడా పాడవుతుంది. బూజు ఉన్నవి పక్కన పెట్టి చివర చూడండి. డ్రైవ్ పాతదైతే హెడ్‌ను ఆల్కహాల్ అద్దిన దూదితో తుడవండి. ఆయుధపూజకు డ్రైవ్ మూతి మీద పెట్టిన కుంకుమ లోపలికి రాలి ఉంటుంది, అదీ చూసుకోండి.

మెట్టు 2. ఫ్లాపీ మొత్తాన్ని ఇమేజ్‌గా తీయండి

ఫైళ్లను ఒక్కొక్కటిగా కాపీ చేయకండి. ఫ్లాపీ మొత్తాన్ని ఒకే ఇమేజ్ ఫైలుగా తీసుకుంటే ఒరిజినల్‌ను మళ్లీ ముట్టాల్సిన పని ఉండదు. లినక్స్‌లో డీడీరెస్క్యూ వాడండి. చదవని సెక్టర్లను వదిలేసి ముందుకెళ్లి, తర్వాత వెనక్కి వచ్చి మళ్లీ ప్రయత్నిస్తుంది. విండోస్‌లో విన్‌ఇమేజ్ సరిపోతుంది. ఫ్లాపీ పెట్టగానే “ఫార్మాట్ చేయాలా?” అని విండోస్ అడిగితే వద్దనండి.

ఇమేజ్ సరిగా వచ్చిందో లేదో సైజు చెబుతుంది. 1.44 ఎంబీ ఫ్లాపీకి సరిగ్గా 14,74,560 బైట్లు రావాలి. 720 కేబీకి 7,37,280. 5.25 అంగుళాల 1.2 ఎంబీకి 12,28,800, 360 కేబీకి 3,68,640. ఒక్క బైటు తగ్గినా ఇమేజ్ మధ్యలో తెగిపోయిందని అర్థం. తర్వాత ఇమేజ్‌కు షా-256 హ్యాష్ (ఒక్క బైటు మారినా మారిపోయే, ఫైలు వేలిముద్ర లాంటి అంకె) తీసి కాగితం మీదో, వేరే ఫైల్లోనో రాసుకోండి. విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండ్‌తోనే ఆ పని అవుతుంది. ఒక కాపీని ముట్టకుండా దాచి, పనంతా రెండో కాపీ మీద చేయండి.

మెట్టు 3. నడపకుండా డేటా బయటికి తీయండి

7-జిప్ ఈ ఇమేజ్‌ను మామూలు జిప్ ఫైలులా తెరుస్తుంది. డీబీఎఫ్ ఫైళ్లు తీసుకోండి. వాటి పక్కన అదే పేరుతో ఎఫ్‌పీటీ లేదా డీబీటీ ఉంటే అవి మెమో వివరాలు, అవీ తప్పకుండా తీసుకోవాలి. ఇండెక్స్ ఫైళ్లు లేకపోయినా నష్టం లేదు, మళ్లీ తయారవుతాయి. డీబీఎఫ్ లిబ్రేఆఫీస్ కాల్క్‌లో తెరుచుకుంటుంది.

తెలుగులో ఉండాల్సిన పేర్లు గజిబిజి గుర్తులుగా కనిపిస్తే “వైరస్ తినేసింది” అనుకోవద్దు. యూనికోడ్‌కు ముందు తెలుగును ఇస్కీ అనే భారతీయ లిపుల కోడ్‌లోనో, ఒక్కో ఫాంటుకు ఒక్కో సొంత కోడ్‌లోనో రాసేవారు. అది లిపి మార్చుకోవాల్సిన పని, వైరస్‌తో సంబంధం లేదు.

ఒక మినహాయింపు మాత్రం గుర్తుంచుకోండి. 1995లో మ్యాక్రో వైరస్‌లు వచ్చాక వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు కూడా అనుమానించాల్సినవే. వాటిని మ్యాక్రోలు ఆపేసి తెరవండి.

మెట్టు 4. సైజులు, బైట్లు పోల్చండి

అసలు పని ఇక్కడే ఉంది. స్కానర్ కన్నా ముందు ఇది చేయమని గట్టిగా చెబుతాం. స్కానర్ తనకు తెలిసిన వైరస్ పేరే చెబుతుంది. ఫైలు మారిందా లేదా అన్నది పోలికలోనే తేలుతుంది.

అనుమానం ఉన్న ఫైలు సైజు నుంచి శుభ్రమైన కాపీ సైజు తీసేయండి. తేడా ఎంత?

జెరూసలెం అయితే కామ్ ఫైలు 1,813 బైట్లు పెరుగుతుంది. అందులో 1,808 వైరస్ ఒళ్లు, చివరి 5 బైట్లు తన గుర్తు. ఆ గుర్తు చూసి అదే కామ్ ఫైలుకు రెండోసారి అంటుకోదు. ఈఎక్స్‌ఈ అయితే మొదటిసారి 1,808 నుంచి 1,823 బైట్ల మధ్య ఎంతైనా పెరగవచ్చు. వైరస్ ముందుగా ఫైలు పొడవును 16తో భాగించబడేలా సర్ది, ఆ తర్వాత అంటుకోవడమే దీనికి కారణం. వైరస్ రాసినవాడి తప్పు వల్ల ఈఎక్స్‌ఈకి మళ్లీ మళ్లీ పడుతుంది, ప్రతిసారీ ఇంకో 1,808 బైట్లు. రోజూ నడిపే బిల్లింగ్ ప్రోగ్రాం అలా ఊరిపోయి, ఒకరోజు మెమరీలో పట్టడం లేదని డాస్ చేతులెత్తేస్తుంది. తేడాలోంచి 1,808 ఎన్నిసార్లు తీయవచ్చో లెక్కేస్తే ఎన్నిసార్లు పట్టిందో తెలిసిపోతుంది.

శుభ్రమైన కాపీ లేకపోతే డాస్ సొంత ఫైళ్లతో మొదలుపెట్టండి. కమాండ్.కామ్ సైజు ఎంఎస్‌డాస్ 5.0లో 47,845, 6.22లో 54,645 బైట్లు. 6.22 ఫైళ్ల టైమ్ ఉదయం 6:22, 5.0 ఫైళ్ల టైమ్ 5:00 అని కనిపించాలి. కానీ ఇక్కడ తొందరపడొద్దు. జెరూసలెం కమాండ్.కామ్‌ను కావాలనే వదిలేస్తుంది. కాబట్టి అది శుభ్రంగా ఉందంటే మిగతావీ శుభ్రమని కాదు. 1987లోనే వచ్చిన లీహై వైరస్ ఇంకా తెలివిగా, కమాండ్.కామ్ లోపలి ఖాళీ జాగాలోనే దూరుతుంది. సైజు ఒక్క బైటు కూడా మారదు.

అందుకే సైజు తర్వాత బైట్లు పోల్చాలి. డాస్‌లో ఎఫ్‌సీ కమాండ్‌కు స్లాష్ బీ తగిలించి రెండు ఫైళ్ల పేర్లూ ఇవ్వండి. వచ్చే జాబితాను ఇలా చదవాలి:

- మొదటి 3 బైట్లు మాత్రమే వేరు, మిగతాదంతా ఒకటే, చివర ఫైలు పొడవుగా ఉంది: వైరస్ కామ్ ఫైలు తోకకు అంటుకుని, మొదట్లో తన దగ్గరకు దూకే ఆదేశం పెట్టింది. ఆ మొదటి బైటు మామూలుగా హెక్స్‌లో ఈ9 అయి ఉంటుంది. క్యాస్కేడ్ అనే వైరస్ పని ఇదే, తేడా 1,701 లేదా 1,704.
- మొదటి బైటు నుంచే అన్నీ వేరు: కామ్ ఫైలుకు ముందు భాగంలో ఏదో వచ్చి కూర్చుంది. హెక్స్ ఎడిటర్‌లో మొదటి 1,808 బైట్లు, చివరి 5 బైట్లు కోసేసి మిగిలినదాన్ని మళ్లీ పోల్చండి. ఇప్పుడు ఒక్క తేడా కూడా రాకపోతే జెరూసలెం ఖాయం.
- ఈఎక్స్‌ఈలో హెక్స్ 02 నుంచి 17 లోపు కొన్ని బైట్లు, ఆపైన చివరి ముక్క వేరు: హెడర్‌లోని పొడవు, స్టాక్, ప్రోగ్రాం మొదలయ్యే చోటు మార్చేశారు. మంచి ఈఎక్స్‌ఈ మొదటి రెండు బైట్లు 4డీ 5ఏ, అంటే ఎం, జెడ్. అవి మారవు.
- మధ్యలో అక్కడొకటి ఇక్కడొకటి: ఇది తరచుగా పాడైన సెక్టర్, లేదా ప్రోగ్రాం తన సెట్టింగులను తన ఫైల్లోనే రాసుకోవడం. లైసెన్సుదారు పేరును ఈఎక్స్‌ఈలోనే దాచుకునే పాత అకౌంటింగ్ ప్రోగ్రాంలు ఉన్నాయి. వీటిని చూసి బెంబేలెత్తొద్దు.

మెట్టు 5. వైరస్ రాత వెతకండి

హెక్స్ ఎడిటర్‌లో ఈ వరుస వెతకండి: 73 55 4డీ 73 44 6ఎఫ్ 73. ఇంగ్లీష్ అక్షరాల్లో చిన్న ఎస్, పెద్ద యూ, పెద్ద ఎం, చిన్న ఎస్, పెద్ద డీ, చిన్న ఓ, చిన్న ఎస్. ఇది జెరూసలెం లోపల ఉండే రాత. కామ్ ఫైలు చివర కనిపించే 5 బైట్ల గుర్తు ఇందులోని చివరి ఐదే. వెతికేటప్పుడు పెద్ద, చిన్న అక్షరాల తేడా పట్టించుకునే ఆప్షన్ పెట్టండి. లేకపోతే డాస్ పేరున్న ప్రతి ఫైలూ దొంగలా కనిపిస్తుంది.

క్యాస్కేడ్‌కు ఈ పద్ధతి పనికిరాదు. దాని ఒళ్లు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, ఫైలు పొడవును బట్టి తాళంచెవి మారుతుంది. ఒకే వైరస్ రెండు ఫైళ్లలో రెండు రకాలుగా కనిపిస్తుంది. మారనిది, తాళం విప్పే ఆ చిన్న ముక్క ఒక్కటే. స్కానర్లు దాన్నే పట్టుకుంటాయి.

మెట్టు 6. స్కానర్ తిప్పండి

ముందు స్కానర్ పనిచేస్తోందో లేదో ఐకార్ పరీక్ష ఫైలుతో చూడండి. అది 68 అక్షరాల టెక్స్ట్, హాని ఏమీ చేయదు. దాన్ని పట్టని స్కానర్ “ఏమీ లేదు” అన్నా లెక్కలోకి రాదు. తర్వాత ఇమేజ్ నుంచి తీసిన ఫోల్డర్ మీద క్లామ్ఏవీ తిప్పండి.

విండోస్‌లో చేసేవాళ్లకు ఇక్కడే దెబ్బ పడుతుంది. ఫైళ్లు బయటికి తీయగానే విండోస్ డిఫెండర్ వాటిని మాయం చేస్తుంది, సాక్ష్యం పోతుంది. లైవ్ లినక్స్ వాడమన్నది ఇందుకే.

వైరస్‌టోటల్ (ఫైలును చాలా స్కానర్లతో ఒకేసారి చూసే వెబ్‌సైట్)లో పెట్టాలనుకుంటే ముందు ఫైలు హ్యాష్‌తో వెతకండి. ఎక్కించాల్సి వస్తే ప్రోగ్రాం ఫైలు ఒక్కటే ఎక్కించండి. ఖాతాదారుల పేర్లు, బాకీలు ఉన్న డీబీఎఫ్‌లను పొరపాటున కూడా ఎక్కించొద్దు. అక్కడికి వెళ్లిన ఫైలు బయటివాళ్ల చేతికీ అందుతుంది.

మెట్టు 7. మెమరీలో తిష్ట వేసిందా?

ఇక్కడి నుంచి ప్రోగ్రాంను నడపడం మొదలవుతుంది, కాబట్టి అంతా వర్చువల్‌బాక్స్ లోపలే. నెట్‌వర్క్ అడాప్టర్ తీసేయండి. వర్చువల్ డిస్క్‌కు స్నాప్‌షాట్ (తర్వాత వెనక్కి వెళ్లడానికి ఆ క్షణపు నకలు) తీయండి. స్నాప్‌షాట్‌లో ఫ్లాపీ ఇమేజ్‌లు చేరవని మరిచిపోకండి. వాటికి వేరే కాపీ ఉండాలి. డాస్‌బాక్స్ (డాస్‌ను అనుకరించే ప్రోగ్రాం) వాడతామనేవాళ్లు ల్యాప్‌టాప్ ఫోల్డర్‌ను మౌంట్ చేయొద్దు. అలా చేస్తే లోపలి వైరస్ మీ అసలు ఫోల్డర్‌లోని ఫైళ్లలోనే రాస్తుంది.

శుభ్రమైన డాస్‌తో బూట్ చేసి, మెమ్ కమాండ్‌కు స్లాష్ సీ తగిలించి ఖాళీ మెమరీ రాసుకోండి. అనుమానం ఉన్న ప్రోగ్రాం నడిపి, మామూలుగా బయటికి రండి. మళ్లీ మెమ్. ముగిసిపోయిన ప్రోగ్రాం తీసుకున్న మెమరీ అంతా తిరిగి ఇచ్చేయాలి. సుమారు 2 కేబీ తిరిగి రాకపోతే ఏదో లోపల ఉండిపోయిందన్నమాట.

దీన్నొక్కదాన్నే రుజువుగా తీసుకోకూడదు. డాస్‌కీ, ప్రింట్, మౌస్ డ్రైవర్, గిస్ట్ లాంటి భారతీయ లిపుల సాఫ్ట్‌వేర్ అన్నీ న్యాయంగానే మెమరీలో ఉండిపోతాయి.

జెరూసలెం అయితే తిష్ట వేసిన అరగంటకు తెరమీద ఎడమవైపు ఒక చిన్న చదరం రెండు వరుసలు పైకి జరుగుతుంది, ఆ జాగా నల్లగా మిగులుతుంది. అదే సమయంలో మిషన్‌ను నెమ్మదింపజేస్తుంది గానీ, ఇప్పటి ప్రాసెసర్ మీద ఆ నెమ్మది కంటికి తెలియదు. అందుకని స్పీడు చూసి నిర్ణయించొద్దు, చదరం కోసం చూడండి. టెక్స్ట్ నిండుగా ఉన్న తెర మీదే అది కనిపిస్తుంది. ఖాళీ తెర పెట్టుకుని ఎదురుచూస్తే ఏమీ తెలియదు.

మెట్టు 8. ఎర ఫైలు పెట్టండి

ఖాయమైన రుజువు కావాలంటే ఎర పెట్టాలి. ఏ పనీ చేయని, సరిగ్గా 2,000 బైట్ల కామ్ ఫైలు తయారు చేయండి. మరీ చిన్న ఫైళ్లను కొన్ని వైరస్‌లు ముట్టవు, అందుకే ఈ సైజు. డాస్‌తో వచ్చే డీబగ్ ప్రోగ్రాం తెరిచి, కింది ఆదేశాలను ఇంగ్లీష్ అక్షరాల్లో, ఒక్కో వరుసకు ఎంటర్ కొడుతూ ఇవ్వండి:

ఎఫ్ 100 8సీఎఫ్ 90
ఈ 8సీఈ సీడీ 20
ఆర్ సీఎక్స్
7డీ0
ఎన్ ఎర1.కామ్
డబ్ల్యూ
క్యూ

మొదటి వరుస ఫైలంతా ఏమీ చేయని ఆదేశాలతో నింపుతుంది, రెండోది చివర డాస్‌కు తిరిగి వెళ్లే ఆదేశం పెడుతుంది. 7డీ0 అంటే 2,000ను హెక్స్‌లో రాసిన రూపం. డిర్‌లో 2,000 అని కనిపించకపోతే మళ్లీ చేయండి. ఇది శుభ్రమైన డాస్‌లోనే తయారు కావాలి.

ఎరను అనుమానం ఉన్న ప్రోగ్రాం ఫోల్డర్‌లోనే పెట్టండి. ఆ ప్రోగ్రాం నడిపి బయటికి రండి. ఎరను రెండుసార్లు నడపండి. ఇప్పుడు వర్చువల్ మిషన్‌ను పూర్తిగా పవర్ ఆఫ్ చేయండి. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ సరిపోదు, ఆ రీబూట్‌ను తట్టుకుని మెమరీలో ఉండిపోయే వైరస్‌లు ఉన్నాయి. శుభ్రమైన ఇమేజ్‌తో బూట్ చేసి ఎర సైజు చూడండి.

2,000 అలాగే ఉంటే ఎరకు పట్టలేదు. 3,813 అయితే జెరూసలెం. 3,701 లేదా 3,704 అయితే క్యాస్కేడ్. 2,648 అయితే వియన్నా. 3,800 అయితే 1989లో బల్గేరియాలో వచ్చిన డార్క్ ఎవెంజర్ అని అనుమానించండి. వైరస్ లోపల ఉన్నప్పుడు 2,000, శుభ్రమైన బూట్ తర్వాత 6,096 కనిపిస్తే అది ఫ్రోడో. ఈ వైరస్ డాస్ అడిగినప్పుడల్లా పాత సైజే చూపించి తన 4,096 బైట్లను దాస్తుంది. ఈ పరీక్షలో రెండు సైజులూ రాసుకోమనడం దీనికోసమే.

సెమినార్‌కు చూపించాలనుకునేవాళ్లు వర్చువల్ మిషన్ తేదీని 1988 మే 13కు మార్చి, ఆ తర్వాతే పట్టిన ప్రోగ్రాంను నడపాలి. 13వ తేదీ శుక్రవారమైతే జెరూసలెం ఆ రోజు నడిపిన ప్రోగ్రాంలను చెరిపేస్తుంది. ఎర నడిపి డిర్ కొడితే ఎర ఉండదు. తేదీని 1987లో పెడితే ఇది జరగదు, ఆ సంవత్సరాన్ని అది మినహాయించింది.

మెట్టు 9. శుభ్రం చేయడం

పట్టిన ప్రోగ్రాంను చెరిపి, ఒరిజినల్ ఫ్లాపీ నుంచి మళ్లీ ఎక్కించండి. మా సలహా ఇదే. ఒరిజినల్ లేనప్పుడే ఎఫ్‌ప్రాట్‌తో వైరస్ తీయించండి, అదీ కాపీ మీద. తీశాక ఈఎక్స్‌ఈ చివర 15 బైట్ల దాకా పూరకం మిగిలిపోవచ్చు. తన సైజును తానే సరిచూసుకునే ప్రోగ్రాం అప్పుడు మొండికేస్తుంది. ఓవర్‌లేలు (అవసరమైనప్పుడే మెమరీలోకి తెచ్చుకునే ముక్కలు) ఉన్న పెద్ద ఈఎక్స్‌ఈలైతే వైరస్ అంటినప్పుడే లోపల చెడిపోయి ఉంటాయి, అవి ఏ స్కానర్‌తోనూ బాగుపడవు.

తరచుగా జరిగే తప్పులు

పట్టిన మిషన్ మీదే స్కానర్ నడపడం. అన్నిటికన్నా ఎక్కువ నష్టం దీనితోనే. డార్క్ ఎవెంజర్ లాంటివి ఫైలు తెరిస్తే చాలు అంటుకుంటాయి. స్కానర్ డిస్క్‌లోని ప్రతి ఫైలునూ తెరుస్తుంది. అరగంటలో డిస్క్ మొత్తానికీ మీరే అంటించినట్టవుతుంది.

ఫ్రోడో ఉన్న మిషన్‌లో చెక్‌డిస్క్‌ను స్లాష్ ఎఫ్‌తో కొట్టడం. దాచిన సైజుకూ, డిస్క్ మీది అసలు సైజుకూ పొంతన కుదరక చెక్‌డిస్క్ తప్పులు చూపిస్తుంది. వాటిని “సరిచేస్తే” మంచి ఫైళ్లు తెగిపోతాయి. స్లాష్ ఎఫ్ లేకుండా చూడటం వరకే.

రెండు స్కానర్లను వెంటవెంటనే నడపడం. మొదటిది తన గుర్తుల జాబితాను మెమరీలో వదిలేస్తే రెండోది దాన్నే వైరస్ అని అరుస్తుంది. మధ్యలో పవర్ ఆఫ్ చేయండి.

తేదీ చూడకుండా “ఏమీ జరగలేదు” అనుకోవడం. బ్యాటరీ చచ్చిన పాత మిషన్ తేదీ 1980 జనవరి 1కి పోతుంది. క్యాస్కేడ్ వల్ల తెరమీది అక్షరాలు కిందికి జారిపడటం 1988 అక్టోబరు, డిసెంబరు మధ్య తేదీల్లో కనిపించే పని. తేదీ తప్పితే వైరస్ ఆట కనిపించదు గానీ పాకడం మాత్రం ఆగదు.

ప్రోగ్రాం నడిపితే “రైట్ ప్రొటెక్ట్” అన్న సందేశం వచ్చినా పట్టించుకోకపోవడం. తాళం వేసిన ఫ్లాపీలోంచి ప్రోగ్రాంను నడిపినంత మాత్రాన అది ఫ్లాపీ మీద రాయాల్సిన అవసరం ఉండదు. కారణం లేకుండా ఆ సందేశం వస్తే ఎవరు రాయబోయారో 8వ మెట్టుతో తేల్చుకోండి.

చివరగా సరిచూసుకోవాల్సినవి

శుభ్రం చేసిన ప్రోగ్రాంను ఫోల్డర్‌తో సహా కొత్త వర్చువల్ మిషన్‌లో పెట్టి, కొత్త ఎరతో 8వ మెట్టు మళ్లీ చేయండి. ఈసారి ఒక కామ్ ఎరతో పాటు, శుభ్రమని తెలిసిన ఒక చిన్న ఈఎక్స్‌ఈని కూడా ఎరగా పెట్టండి, ఈఎక్స్‌ఈలనే పట్టే వైరస్‌లూ ఉన్నాయి. రెండింటి సైజులూ, హ్యాష్‌లూ మారకూడదు. ఆ తర్వాత పాత రిపోర్టు ఒకటి తీసి, కాగితం మీదున్న మొత్తంతో సరిపోయిందో చూడండి.

పట్టిన ఒరిజినల్ ఫ్లాపీలకు ఎర్ర స్టిక్కర్ మీద వైరస్ పేరు, చూసిన తేదీ, ఇమేజ్ ఫైలు పేరు రాసి, తాళం బిళ్ల తెరిచే ఉంచి విడిగా పెట్టండి. సెమినార్ పేరుతో ఆ ఇమేజ్‌ను వాట్సాప్ గ్రూపుల్లో పంచొద్దు. ఇంకొకరి కంప్యూటర్‌లోకి అనుమతి లేకుండా వైరస్ చేర్చడం ఐటీ చట్టం 2000, సెక్షన్ 43 కిందికి వస్తుంది, వైరస్ ఎంత పాతదైనా సరే. తరగతిలో చూపించడానికి వైరస్ పట్టకముందు, పట్టిన తర్వాత ఉన్న ఎర సైజులు, ఎఫ్‌సీ జాబితా తెరపటాలు సరిపోతాయి.